జెర్రీ బార్కర్ ఇంట్లో మేమిద్దరం

బ్లాక్ బ్యూటీ అనే ఇంగ్లీషు నవల పేరు చెప్పగానే చాలామందికి నుదుట తెల్లచుక్క ఉన్న నల్ల గుర్రం గుర్తొస్తుంది. నాకు మాత్రం ఇప్పటికీ ముందుగా వినిపించేది జెర్రీ బార్కర్ దగ్గు. లండన్‌లో గుర్రపుబండి బాడుగకు తోలుకుని బతికే మనిషి, ఆ గుర్రానికి జాక్ అని పేరు పెట్టుకుని సొంత మనిషిలా చూసుకున్నవాడు, ఒక కొత్త సంవత్సరం రాత్రి ఎవరి పేకాట కోసమో చలిలో నిలబడి నిలబడి ఊపిరితిత్తులు చెడగొట్టుకున్నవాడు. పుస్తకం మొత్తం గుర్రం నోటితో చెప్పిన కథే, కాదనను. కానీ చిన్నప్పుడు నన్ను గట్టిగా పట్టుకుంది ఆ గుర్రం తన కొట్టంలో నిలబడి చూసిన ఇల్లు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, రెండు గుర్రాలు, ఒక బండి. అంతే వాళ్ళ ఆస్తి, అంతే వాళ్ళ జీవనాధారం.

మా అక్క చదివి చెప్పింది నాకు. ఇంగ్లీషులో ఒక పేరా కళ్ళతో చదువుకోవడం, తలెత్తి దాన్ని తెలుగులో చెప్పడం, మళ్ళీ పుస్తకంలోకి చూడటం. ఆ చదువుకునే కాసేపు కూడా ఆగలేక "తర్వాత ఏమైందక్కా, తర్వాత?" అని ప్రాణం తీసేవాణ్ణి. "ఉండరా, నన్ను చదవనీ" అనేది. అది లైబ్రరీ పుస్తకం, గడువులోపు ఇచ్చెయ్యాలి, అందుకని రోజూ సాయంత్రం కొంత అని పెట్టుకుంది. ఆ రోజుల్లో నాన్న ఒంట్లో బాగుండక మంచం మీదే ఉండేవాడు, పనికి వెళ్ళి చాలా కాలమైంది, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. నన్ను ఆ గదికి దూరంగా ఉంచడానికే అక్క ఆ కథ మొదలుపెట్టిందేమో అని ఇప్పుడనిపిస్తుంది. అడగలేదు ఎప్పుడూ.

మొదటి భాగం హాయిగా గడిచిపోతుంది. పచ్చికబయళ్ళు, బర్ట్‌విక్ పార్క్‌లో మంచి యజమాని, ఓపికమంతుడైన జాన్ మాన్లీ, కోపిష్టి జింజర్, పిల్లల్ని వీపు మీద ఎక్కించుకు తిప్పే పొట్టి గుర్రం మెర్రీలెగ్స్. ఆ ఇంటి యజమానురాలికి జబ్బు చేసి వాళ్ళు దేశం వదిలి వెళ్ళాల్సి రావడంతో గుర్రాలు చెల్లాచెదురవుతాయి. ఈ పుస్తకంలో గుర్రం తలరాత మారిన చోటల్లా వెనక ఎవరో ఒక మనిషి ఇంట్లో కష్టం వచ్చి ఉంటుంది. అప్పుడు గమనించలేదు గానీ, పెద్దయ్యాక చదివినప్పుడు ఇది నన్ను చాలాసేపు కదలనివ్వలేదు.

తర్వాత చేరిన పెద్దింట్లో దొరసానికి గుర్రాలు తల ఎత్తి ఠీవిగా నడవాలి. అందుకోసం కళ్ళెం నుంచి ఒక పట్టీ తీసి, తల మీదుగా వెనక్కి లాగి, వీపు మీది జీనుకు బిగించేవాళ్ళు. తల కిందికి దించడానికి లేదు. ఎత్తు ఎక్కాలంటే గుర్రం తల వంచి, ఒంటి బరువంతా ముందుకు వేసి లాగాలి కదా, అదే కుదరనివ్వరు. మెడ గుంజేస్తుంది, ఊపిరి సరిగా ఆడదు, నోరు ఒరుసుకుపోతుంది. రోజుకో రంధ్రం చొప్పున బిగిస్తూ పోయారని అక్క చెప్తుంటే నేను తల వెనక్కి వంచి పట్టుకుని గదిలో నడిచి చూశాను, మెట్టు కనపడలేదు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో డబ్బున్నవాళ్ళ బండ్లకు ఇది మామూలు ఫ్యాషన్. చివరికి జింజర్ తిరగబడి తన్నింది, ఆ తన్నినందుకు జీవితమంతా శిక్ష అనుభవించింది.

అక్కడే రూబెన్ స్మిత్ అనే ఆయన ఉంటాడు. గుర్రాల పని అతనంత బాగా తెలిసినవాడు లేడు, కానీ తాగుడు. మానేశానని ఒట్టేసి మళ్ళీ ఒక రాత్రి తాగి, లాడం వదులైందని చెప్పినా వినకుండా, కొత్తగా రాళ్ళు పరిచిన దారి మీద గుర్రాన్ని పరిగెత్తించాడు. లాడం ఊడిపోయింది, డెక్క చీలింది, గుర్రం మోకాళ్ళ మీద కూలబడింది, అతను కిందపడి చచ్చిపోయాడు. కథ గుర్రం మోకాళ్ళ మచ్చల వైపు వెళ్ళిపోతుంది గానీ, వెళ్ళేముందు ఒక్క మాట చెప్పి వెళ్తుంది. అతని భార్య ఆరుగురు పిల్లలతో ఆ చెట్ల కింది ఇల్లు ఖాళీ చేసి యూనియన్ హౌస్‌కి పోవాల్సి వచ్చిందని. అంటే దిక్కులేనివాళ్ళను పెట్టే సర్కారు గృహం. 1834లో వచ్చిన పేదల చట్టం తర్వాత అలాంటి చోట్ల మొగుణ్ణి, పెళ్ళాన్ని, పిల్లల్ని విడివిడిగా ఉంచేవాళ్ళు, తిండి పెట్టినందుకు పని చేయించుకునేవాళ్ళు. ఆ ఆరుగురి పేర్లు కూడా పుస్తకంలో లేవు. "వాళ్ళేమయ్యారక్కా?" అని అడిగితే "రాయలేదురా" అంది, ఆవిడ గొంతు కూడా బాగాలేదు ఆ సాయంత్రం.

ఇక జెర్రీ. నా లెక్కలో పుస్తకం ఇక్కడ మొదలవుతుంది.

గుర్రాల సంతలో మోకాళ్ళ మీద మచ్చలున్న గుర్రాన్ని అమ్మకానికి పెట్టారు. కఠినంగా మాట్లాడే ఒకడు 23 పౌండ్లు ఇస్తానంటాడు, ఆ గొంతు వింటేనే గుర్రానికి భయం. అప్పుడు పొట్టిగా, చురుగ్గా, బూడిదరంగు కళ్ళున్న ఇంకో మనిషి వచ్చి, మెల్లగా తడిమి, 24 పౌండ్ల 10 షిల్లింగులు, ఆపైన ఆరు పెన్నీలు కూడా ఇవ్వను, సరేనా కాదా అంటాడు. బేరం తెగుతుంది. అక్క ఆ బేరం రెండు గొంతులతో చెప్పింది, మొదటివాడికి గరుకు గొంతు, జెర్రీకి మామూలు గొంతు.

ఆ రాత్రి లండన్‌లో ఒక ఇరుకు సందులోకి వెళ్తారు. తలుపు తెరుచుకుని భార్య పాలీ, పన్నెండేళ్ళ కొడుకు హ్యారీ, ఎనిమిదేళ్ళ కూతురు డాలీ, లాంతరు పట్టుకుని బయటకొస్తారు. మంచిదేనా నాన్నా, సాధువేనా అని గుర్రం చుట్టూ చేరతారు. మర్నాడు పొద్దున్నే తల్లీకూతుళ్ళు కొట్టంలోకి వచ్చి పరిచయం చేసుకుంటారు, పాలీ ఆపిల్ ముక్క, డాలీ రొట్టె ముక్క. రోజూ బండి బయల్దేరేముందు హ్యారీ గుర్రాల పని చూస్తాడు, పాలీ, డాలీ బండి లోపలి దిండ్లు దులిపి అద్దాలు తుడుస్తారు, జెర్రీ ఏదో పాట కట్టి పాడుతుంటాడు. ఇంటిల్లిపాదీ ఒకే పని మీద ఉండటం, ఆ పనిలో నవ్వులుండటం, నాకు అదొక పండగలా ఉండేది.

ఇంకో సంగతి ఎప్పటికీ మర్చిపోను. మంచి చలిరోజు, జెర్రీ బండ్ల స్టాండ్‌లో ఉన్నాడా లేదా అని డాలీ వీధి మూల నుంచి తొంగి చూస్తుంది. ఉన్నాడంటే ఒకటే పరుగు, మళ్ళీ ఏ గిన్నెలోనో బుట్టలోనో వేడి సూప్ పట్టుకుని వస్తుంది, బండ్లూ గుర్రాలూ కిక్కిరిసిన రోడ్డు దాటి. నాన్నకు మొదటి వడ్డన తెచ్చానని దానికి ఎంత గర్వమో. ఒకరోజు జెర్రీ తింటుండగా ఒక పెద్దమనిషి గొడుగు ఊపి బండి పిలుస్తాడు. జెర్రీ గిన్నె తిరిగిచ్చేయబోతే, వద్దు, ముందు సూప్ తాగెయ్యి, పాపను జాగ్రత్తగా అవతలి గట్టుకు చేర్చిరా, నేను ఆగుతాను అంటాడాయన. ఆ మాటకు జెర్రీ ఎంత పొంగిపోయాడో చదివితే, వాళ్ళకు రోజూ మిగతా జనం నుంచి ఎలాంటి మాటలు పడేవో తెలుస్తుంది.

జెర్రీ ఆదివారం బండి కట్టడు. లైసెన్సు ఆరు రోజులదే. ఇదివరకు ఏడు రోజుల లైసెన్సు ఉండేది, తనకూ గుర్రాలకూ ఒళ్ళు హూనమైపోయింది, పిల్లల మొహం చూసే తీరిక లేకపోయింది, అందుకని మానేశాడు. ఎప్పుడూ పిలిచే ఒక మంచి బేరం, బ్రిగ్స్ అనే ఆయన, భార్యను ఆదివారం చర్చికి తీసుకెళ్ళమంటే జెర్రీ రానన్నాడు, ఆ బేరం పోయింది. ఇంటికొచ్చి చెప్తే పాలీ ఏమందంటే, ఆదివారానికో బంగారు పౌండు ఇచ్చినా సరే నిన్ను మళ్ళీ ఏడు రోజుల బండివాణ్ణి కానివ్వనంది. ఓట్స్ దాణా, ఎండుగడ్డి, లైసెన్సు, ఇంటద్దె, వీటికి సరిపెట్టడమే కష్టంగా ఉన్నా పర్వాలేదంది. ఆ నాలుగు ఖర్చులూ వరసగా చెప్పుకునే తీరు చూడండి, గుర్రం తిండి ముందు, ఇల్లు ఆఖరున. అక్క అది చెప్తుంటే పక్కగదిలో అమ్మ కూడా ఏవో ఖర్చులు లెక్కపెడుతోంది.

జెర్రీ సొంత బండి, సొంత గుర్రాలు ఉన్నవాడు కాబట్టి ఆదివారం మానుకోగలిగాడు. అది లేనివాడి సంగతి చెప్పడానికి ఆ రచయిత్రి శామ్ అనే అతన్ని తెచ్చింది. చిరిగిన బట్టలు, పీక్కుపోయిన మొహం. గుర్రాన్ని అలా కొట్టి తీసుకొచ్చావేమని తోటివాళ్ళు తిడితే, అతను చెప్పే లెక్క ఇది: బండికీ రెండు గుర్రాలకూ కలిపి యజమానికి రోజుకు 18 షిల్లింగులు కట్టాలి. అంటే ఒక్కో గుర్రం మీద 9 షిల్లింగులు రాబట్టాక గానీ తనకంటూ ఒక్క పెన్నీ మిగలదు. ఇంట్లో ఆరుగురు పిల్లలు, వాళ్ళలో ఏదైనా సంపాదించేది ఒక్కరే. రోజుకు 14, 16 గంటలు స్టాండ్‌లోనే, ఆదివారమన్నది లేక పది పన్నెండు వారాలైంది. గుర్రం పనిచెయ్యకపోతే మేం పస్తులు, దాన్ని కొట్టడం తప్పని నాకు తెలీదనుకున్నారా అన్నట్టు మాట్లాడతాడు.

పెద్దయ్యాక ఒకసారి ఈ లెక్క వేసి చూశాను. పౌండుకు 20 షిల్లింగులు, జెర్రీ గుర్రాన్ని కొన్నది 24 పౌండ్ల 10 షిల్లింగులకు, అంటే 490 షిల్లింగులు. శామ్ రోజుకు 18 చొప్పున 28 రోజులు కడితే 504. నెల తిరక్కుండా ఇంకో గుర్రాన్ని కొనేంత డబ్బు యజమాని చేతిలో పోస్తున్నాడు, తనకు మాత్రం జన్మలో సొంత గుర్రం రాదు. మోకాళ్ళు దెబ్బతిన్న గుర్రం కాబట్టి ధర తక్కువే అనుకోండి, అయినా సరే. పిల్లల పుస్తకంలో ఇంత ఖచ్చితమైన లెక్క పెట్టిన రచయితలు ఎంతమంది ఉంటారు? కొన్ని రోజులకు శామ్ బండి ఇంకెవరో తోలుకొస్తారు. జ్వరమట. ఆ మర్నాడు, పోయాడట, తెల్లారుజామున నాలుగు గంటలకు. ఆఖరి మాట కూడా, నాకు ఒక్క ఆదివారం కూడా సెలవు దొరకలేదని.

జింజర్ చావు ఆ వెంటనే వచ్చే అధ్యాయంలో ఉంటుంది. దాని గురించి రాయను, చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చదవనివాళ్ళు పుస్తకంలోనే చదవాలి.

ఇప్పుడా రాత్రి. కొత్త సంవత్సరం రోజు, ఇద్దరు పెద్దమనుషుల్ని తొమ్మిదింటికి వెస్ట్ ఎండ్‌లో ఒక ఇంటి దగ్గర దింపుతాడు జెర్రీ. పదకొండింటికి రా, పేకాట కదా కాసేపు ఆగాల్సి వస్తుందేమో, ఆలస్యం మాత్రం చెయ్యకు అంటారు. పదకొండింటికి తలుపు ముందున్నాడు. గంటలు కొడుతున్నాయి, తలుపు తెరుచుకోదు. మంచుతో కలిసిన వాన, విసిరికొట్టే గాలి, తలదాచుకునే చోటు లేదు. జెర్రీ దిగొచ్చి గుర్రం మెడ మీదికి గుడ్డ పైకి లాగి కప్పుతాడు, కాళ్ళు నేలకేసి కొట్టుకుంటాడు, దగ్గొస్తుంది, బండి తలుపు తీసి లోపల అడుగున కూర్చుంటాడు, పాదాలు మాత్రం బయటే. పన్నెండున్నరకు తలుపు గంట మోగించి అడిగితే, పోవద్దు, అయిపోవచ్చింది అంటాడు లోపలి మనిషి. వాళ్ళు బయటకొచ్చింది ఒంటిగంటా పావుకు. ఒక్క మంచి మాట లేదు. ఆగిన రెండుంబావు గంటలకూ జెర్రీ డబ్బులు అడిగి తీసుకున్నాడు, ఎక్కువ తీసుకోడు, తక్కువా తీసుకోడు.

ఇంటికొచ్చేసరికి గొంతు పెగలడం లేదు. నేనేం చెయ్యను అని పాలీ అడిగితే, జాక్‌కి ఏదైనా వేడిగా పెట్టు, తర్వాత నాకు కాస్త జావ కాచు అన్నాడు. ఆ వరసను మా అక్క రెండుసార్లు చదివింది. ఊపిరి అందకపోయినా ఎప్పటిలాగే గుర్రాన్ని రుద్ది తుడిచాడు, అటక ఎక్కి ఇంకో మోపు గడ్డి తెచ్చి పక్క వేశాడు. పాలీ వేడి దాణా తెచ్చింది, తలుపు వేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు చాలాసేపటి దాకా ఎవరూ రారు. తర్వాత హ్యారీ ఒక్కడే వచ్చి తుడిచి, దాణా పెట్టి వెళ్తాడు. ఈలా లేదు, పాటా లేదు అంటుంది గుర్రం. మధ్యాహ్నం డాలీ కూడా వస్తుంది, ఏడుస్తూ. పాలీ ఎప్పుడూ జెర్రీ దగ్గరే ఉండాలి, ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి, అందుకని ఆ పిల్ల తోడు కోసం కొట్టంలోకి వస్తోంది. బ్రాంకైటిస్ అట, ఈ రాత్రి గడిస్తే గానీ ఎటూ తేలదట. గుర్రానికి తెలిసేదంతా పిల్లల మాటల్లోంచి చెవిన పడిందే. లోపల ఏం జరుగుతోందో దానికి కనపడదు.

అక్క అక్కడ ఆపేసింది. నేనూ తర్వాతేమిటని అడగలేదు. తలుపు అవతల గొంతులు, డాక్టరు వచ్చి వెళ్ళిన అలికిడి, పిల్లలకు ఎవరూ ఏమీ చెప్పరు, మాటల ముక్కలు ఏరుకుని మనమే అర్థం చేసుకోవాలి. ఆ గుర్రం పరిస్థితి నాకు ఎవరూ వివరించక్కర్లేకపోయింది. మర్నాడు సాయంత్రం దాకా టెన్షన్‌గానే గడిచింది, జెర్రీ గురించో నాన్న గురించో విడదీసి చెప్పలేను.

జెర్రీ బతికాడు. తాగే అలవాటు లేదు కాబట్టి తట్టుకున్నాడని డాక్టరు అన్నాడు. స్టాండ్‌లో అందరూ గవర్నర్ అని పిలిచే గ్రాంట్, ముసలాయన, ఇంట్లోకి రాకుండా కొట్టం దగ్గరే హ్యారీని కలిసి, మీ రెండో గుర్రాన్ని రోజూ నేను తిప్పుతాను, వచ్చినదాంట్లో సగం మీ అమ్మకిస్తాను అన్నాడు. వారం పైనే అలా చేశాడు. హ్యారీ థ్యాంక్స్ చెప్తే, నా గుర్రాలకు విశ్రాంతి దొరికింది, లాభం నాదే అని నవ్వేశాడు. మా ఇంటికీ ఆ రోజుల్లో ఒకాయన ఇలాగే వచ్చేవాడు, నాన్నతో పనిచేసినాయన, ఏదో ఇచ్చి వెళ్ళేవాడు, ఎప్పుడూ లోపలికొచ్చి కూర్చోలేదు. నాన్న కోలుకుని పనికి వెళ్ళాక కూడా ఆయన్ని చూస్తే నాకు మనసులో గ్రాంట్ అనే పేరే వచ్చేది.

ముసలివాడిగా బతకాలంటే మళ్ళీ బండి తోలొద్దన్నాడు డాక్టరు. పాలీ పెళ్ళికి ముందు పనిచేసిన ఇంటి యజమానురాలు, ఫౌలర్ అనే ఆవిడ, పల్లెలో ఇల్లూ పనీ ఇస్తానని రాసింది. వాళ్ళకు దారి దొరికింది. బండీ గుర్రాలూ అమ్మెయ్యాలి. వీడ్కోలు రోజు పాలీ గుర్రం జూలు మీద చెయ్యేసి, మెడకు మొహం ఆనించి ముద్దు పెట్టుకుంది, నిన్ను కూడా తీసుకెళ్ళగలిగితే బాగుండేది జాక్ అంది. డాలీ ఏడుస్తూ తనూ ముద్దు పెట్టింది. హ్యారీ చాలాసేపు నిమిరాడు, ఏమీ మాట్లాడలేదు. అంతే, ఇక ఆ నలుగురూ పుస్తకంలో కనపడరు.

దీనికి నేను చాలా అలిగాను. తర్వాత గుర్రం మోయలేని బరువులు మోసింది, శామ్‌ని పీల్చి పిప్పిచేసిన ఆ బండి యజమాని స్కిన్నర్ చేతిలోనే పడింది, లడ్గేట్ హిల్ ఎక్కుతూ కుప్పకూలింది, చివరికి ఒక ముసలి రైతు మనవడి మాట విని 5 పౌండ్లకు కొన్నాడు. ఆఖర్న, ఒకప్పుడు బర్ట్‌విక్‌లో గుర్రాల కొట్టంలో పనిచేసిన కుర్రాడు జో గ్రీన్ వచ్చి గుర్తుపడతాడు. బాగానే ఉంది. కానీ జెర్రీ ఎందుకు రాడు? ప్రతి అధ్యాయంలోనూ వస్తాడనే ఎదురుచూశాను. "పల్లెలో ఉన్నాడు కదరా, ఆయనకెలా తెలుస్తుంది?" అంది అక్క. నాకు నచ్చలేదు. ఇప్పుడు చూస్తే అదే నిజం. ఇల్లు గడవక అమ్మేసిన ప్రాణి మళ్ళీ ఎదురవ్వడం ఎక్కడోగానీ జరగదు, గుర్రాన్ని అమ్మడం తప్పని వాళ్ళను రచయిత్రి ఒక్క మాట అనలేదు కూడా.

ఆవిడ పేరు అన్నా సెవెల్. 1820లో ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్‌లో పుట్టింది. తండ్రి వ్యాపారం దెబ్బతిని ఇళ్ళు మారుతూ పెరిగింది. పద్నాలుగేళ్ళప్పుడు బడి నుంచి వస్తూ జారిపడి చీలమండ దెబ్బతింది, ఆపైన జీవితమంతా సరిగా నడవలేకపోయింది, ఎక్కడికెళ్ళాలన్నా గుర్రపుబండే. నార్విచ్ దగ్గర ఓల్డ్ కాటన్‌లో, సోఫా మీద పడుకునే, 1871 నుంచి 1877 దాకా ఓపికున్నప్పుడల్లా కాస్త కాస్త రాసింది, వాళ్ళమ్మ సాఫీగా ఎత్తి రాసింది. 1877 నవంబర్ 24న పుస్తకం వచ్చింది, 1878 ఏప్రిల్‌లో ఆవిడ పోయింది. ఇదొక్కటే ఆవిడ నవల.

ఈ పుస్తకం గురించి ఆవిడ రాసుకున్న మాటలు కొన్ని దొరికాయి. బాడుగ బండ్ల గుర్రాల గురించి ఆలోచిస్తూ ఉంటే ఆ బండివాళ్ళ గురించి ఆలోచించాల్సి వచ్చిందనీ, వాళ్ళ కష్టాలు ఉన్నవి ఉన్నట్టు చూపించాలని ఉందనీ రాసింది. ఇంటి ముందు ఆగి ఉన్న ఒక బండివాడితో తెరిచిన కిటికీ దగ్గర మాట్లాడిందట, అతను ఆదివారాలు బండి కట్టడట, ఆ సంభాషణ మనసులో బాగా నాటుకుపోయిందట. అది చదివి వెంటనే అక్కకు ఫోన్ చేశాను. "జెర్రీ నిజంగా ఉన్నాడే" అన్నాను. ఇల్లు కదలలేని మనిషి కిటికీలోంచి విన్న మాటలు ఇంత ఇల్లయ్యాయి. గుర్రం తలుపు సందులోంచి ఆ ఇంటిని ఎలా విన్నదో, ఆవిడా బయటి ప్రపంచాన్ని అలాగే విన్నది మరి.

ఈ మధ్య అక్క కూతురి కోసం ఒక కాపీ కొన్నాను, బొమ్మలు బాగున్నాయి, అక్షరాలు పెద్దవి. తీరా చూస్తే పిల్లల కోసం కుదించిన ప్రతి. జెర్రీ రెండు పేజీల్లో వచ్చి వెళ్ళిపోయాడు, రూబెన్ స్మిత్ భార్యాపిల్లలు లేరు, శామ్ అసలే లేడు. పిల్లలకు బరువవుతుందని తీసేశారేమో. నాకు కోపమే వచ్చింది. ఇంట్లో డబ్బుకు కటకటగా ఉందని, నాన్నకు బాగాలేదని పిల్లలకు ఎలాగూ తెలుస్తూనే ఉంటుంది, దాని గురించి సూటిగా మాట్లాడే పుస్తకం ఒకటి చేతికొస్తే అందులోంచి సరిగ్గా ఆ పేజీలే చింపి ఇవ్వడమేమిటి? పూర్తి పుస్తకం తెప్పించాను. మీరూ ఎవరికైనా కొంటుంటే ముందు 49 అధ్యాయాలున్నాయో లేదో చూసుకోండి, 39వ అధ్యాయం తిప్పండి. శామ్ అక్కడ ఉంటాడు. లేడంటే ఆ కాపీ అక్కడే పెట్టేసి ఇంకోటి అడగండి.